మడిచి ఇయ్యాల

మా నాయన చొక్కా ఉతికే ముందు అమ్మ కుడి జేబు తడిమి చూసేది. ఎప్పుడైనా మరిచిపోయి చొక్కాను బండకేసి కొట్టిందంటే ఠంగుమని శబ్దం వచ్చేది. ఆ శబ్దం మా ఇంట్లో అందరికీ తెలుసు. నాయన పెరట్లో ఎక్కడున్నా వచ్చేసి, జేబులోంచి చాకు తీసి, పంచె కొంగుతో తుడిచి, అరుగు మీద ఎండలో విప్పి పెట్టేవాడు. ఆరాక చీల దగ్గర ఒక చుక్క ఆముదం వేసేవాడు. అమ్మను పల్లెత్తు మాట అనేవాడు కాదు. అమ్మే అనేది, "ఈ చాకునే కట్టుకోని ఉంటే సరిపోయేది గదా, నన్నెందుకు కట్టుకున్నావు?" అని.

మాది పాకాల దగ్గర ఒక పల్లె. 2022లో జిల్లాలు మారాక అది తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ, ఊరు ఏదని అడిగితే నా నోటికి ఇంకా చిత్తూరు జిల్లా అనే వస్తుంది. నాయన పని మామిడి అంట్లు కట్టడం. వానలు మొదలైతే చాలు, రెండు మూడు నెలలు తోటల్లోనే ఉండేవాడు. కొన్నేళ్లు రైల్వే కోడూరు నర్సరీలకు కూడా పోయాడు. టెంక నుంచి మొలిచిన ఏడాది మొక్కను కుండీతో సహా తల్లి చెట్టు కొమ్మ దగ్గరికి చేర్చేవాడు. పెన్సిల్ లావున్న ఆ మొక్క కాండం మీద రెండంగుళాల పొడవున, బెరడుతో పాటు పలచగా చెక్క తీసేవాడు. అదే లావున్న కొమ్మ మీద కూడా సరిగ్గా అంతే. రెండు కోతలనూ ఒకదానికొకటి ఆనించి గట్టిగా చుట్టేవాడు. మొదట్లో అరటి నారతో, తరువాత తరువాత ప్లాస్టిక్ పట్టీతో. రెండు మూడు నెలలకు అవి అతుక్కున్నాక, మొక్క తలను, కొమ్మ మొదలును కొంచెం కొంచెంగా కోస్తూ వేరు చేసేవాడు. బేనిషా, మల్గోవా, ఖాదరు, ఇమాంపసందు... మా చుట్టుపక్కల తోటల్లో ఆయన చేతి చెట్లు ఇప్పటికీ కాస్తున్నాయి.

ఆ కోత ఒక్క ఊపులో, చదునుగా రావాలి. ఎగుడుదిగుడుగా వస్తే నడుమ సందు మిగిలి అంటు ఎండిపోతుంది. అందుకే అంటు కత్తికి ఒక పక్కే వాలు ఉంటుంది, రెండో పక్క పలకలాగా చదునుగా ఉంటుంది. నాయన ఆ కత్తిని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఎర్రటి గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేవాడు. మాకైతే తాకే పని కూడా లేదు.

జేబులోది వేరే. అది అందరిదీ.

దాన్ని మా ఊరి కమ్మరాయన చేశాడు. విరిగిపోయిన రంపం ముక్కను కాల్చి, సాగగొట్టి అలుగు చేసి, చింత చేవతో పిడి చెక్కి, ఇత్తడి చీల ఒకటి కొట్టి బిగించాడు. స్ప్రింగు లేదు, లాకు లేదు. చీల బిగువు మీదే తెరుచుకునేది, ఆ బిగువు మీదే నిలబడేది. వదులైతే నాయన చీల నెత్తిన రాయితో రెండు దెబ్బలు కొట్టేవాడు. అలుగు నా చూపుడు వేలి కంటే కొంచెం పొడవు, అంతే. చూడడానికి ఏమీ గొప్పగా ఉండేది కాదు. కానీ ఊళ్లో ఏ మూల ఏ పని ఆగిపోయినా, "ఒరే, అంట్ల ఆయన యాడుండాడో చూడు, ఆయన దగ్గర చాకుంటాది" అనేవాళ్లు. గోనెసంచి మూతికి కుట్టిన పురికొస తెంపాలన్నా, మేక మెడకు బిగుసుకున్న పలుపు కోయాలన్నా, కాల్లో ముల్లు తీయాలన్నా, పెళ్లి పందిట్లో మామిడి తోరణానికి దారం కోయాలన్నా ఆ చాకే. బస్సులో పక్క సీట్లో పిల్లోడు జామకాయ కొరకలేక ఏడుస్తుంటే, అడక్కుండానే తీసి నాలుగు ముక్కలు చేసి ఇచ్చిన రోజు నాకు గుర్తుంది.

దామలచెరువు మండీకి కాయ తోలే ముందు నాయన తప్పకుండా ఒక కాయ కోసి చూసేవాడు. ముందు తొడిమ పక్కన భుజాలు లేచాయా అని చూసి, తరువాత చెంప కోసి టెంక దాకా చాకు దింపేవాడు. టెంక కత్తికి లొంగిందంటే కాయ ఇంకా లేతే, ఆగాలి. గట్టిగా తగిలి, టెంక చుట్టూ కండ పసుపు తిరిగి ఉంటే కోతకు వచ్చినట్టు. ఆ చెంప ముక్క నాకే. ఉప్పూకారం అమ్మ దగ్గర ఉండేది గానీ అంతవరకు ఎవరు ఆగుతారు?

చాకు నాయన చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయేటప్పుడు ఒక్కటే నియమం. మడిచి ఇయ్యాల. ఎంత తొందరగా ఉన్నా, అడిగినవాళ్లు చెయ్యి చాపి నిలబడి ఉన్నా, ముందు మడిచేవాడు, ఆ తరువాతే ఇచ్చేవాడు. తిరిగి తీసుకునేటప్పుడు కూడా అంతే. ఎవరైనా తెరిచినదాన్ని అట్లాగే ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకొని, "మడిచి ఇయ్యి సామీ" అనేవాడు. చిన్నోళ్లయినా పెద్దోళ్లయినా అదే మాట.

ఆ నియమం నా ఎడమ అరచేతి మీద ఉంది. 1976లో, నాకప్పుడు తొమ్మిదేళ్లు. కాళహస్తి నుంచి మా మేనత్త వచ్చి ఉంది. అత్త కలంకారీ వేసేది. వెదురు పుల్ల కొసను సన్నగా చెక్కి, కొంచెం పైన నూలు చుడితే అదే కలం. ఆ చుట్టిన నూలే రంగును పట్టుకుంటుంది, మెల్లగా నొక్కితే కొసకు దిగుతుంది. ఆ రోజు అత్త కలం చెక్కడానికి చాకు తెమ్మంది. నాయన మడిచే ఇచ్చాడు. నేను మధ్యలో దాన్ని తెరిచి, ఎండలో మెరిపించుకుంటూ పరిగెత్తాను. గడప తట్టుకుంది. లేచేసరికి అరచేతి నిండా రక్తం.

కొడతాడనుకున్నాను. నాయన పసుపు అద్ది, గుడ్డ కట్టి, నన్ను అరుగు మీద కూచోబెట్టుకున్నాడు. చాకు నా కుడి చేతిలో పెట్టాడు. "మడువు అమ్మణ్ణీ" అన్నాడు. వణికిపోయాను. "వేళ్లు పిడికి రెండు పక్కలా ఉండాల. అలుగు పోయే సందు దిక్కు ఒక్క వేలు గూడా ఉండకూడదు. అలుగు వెన్నును నీ మోకాలికి ఆనించు. ఇప్పుడు మెల్లగా నొక్కు." మడిచాను. "తెరువు" అన్నాడు. తెరిచాను. మళ్లీ మడవమన్నాడు. అట్లా ఎన్నిసార్లో చెప్పలేను, పొద్దు వాలిందాకా అదే పని. చివరికి చాకంటే భయం పోయింది. మచ్చ మాత్రం ఉంది.

ఆ వయసులోనే ఇంకో సంగతి తెలిసింది. నాయన చాకు అలుగు నల్లగా ఉండేది, అక్కడక్కడా నీలం జీర. అమ్మ ఇత్తడి బిందెలు చింతపండుతో తోమినట్టు, ఒకరోజు నేను బూడిద, పీచు పెట్టి ఆ నలుపంతా పోయేదాకా తోమాలని కూచున్నాను. అత్త చూసి ఆపేసింది. "అది తుప్పు కాదే. మా కసిమి నలుపు ఎట్లా వస్తాదో ఇదీ అట్లాగే" అంది. కలంకారీకి బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెడితే కసిమి తయారవుతుంది. ఆ నీళ్లను బట్ట మీద గీస్తే కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నల్లబడతాయి, ఆ నలుపు ఇక పోదు. మామిడికాయ పులుపు, తోలులోని వగరు ఇనుప అలుగుకు తగిలినా జరిగేది అదే. ఆ నల్లపొర కింద ఇనుము తొందరగా తుప్పు పట్టదు. ఎర్రగా పొడి రాలేది తుప్పు, నల్లగా అంటుకొని ఉండేది కాదు. ఆ తేడా నాకు ఆ రోజు తెలిసింది, తరువాత బాగా పనికొచ్చింది.

1990లో ఉద్యోగం వచ్చి తిరుపతికి వచ్చాను. ఆఫీసు పని, లెక్కలు, ఫైళ్లు. నాయన పోయింది 2011లో. కర్మ అయ్యాక అన్న అంటు కత్తి తను ఉంచుకొని, చాకు నాకు ఇచ్చాడు. మడిచే ఇచ్చాడు. తెరిచి చూస్తే అలుగు సగమైంది. నలభై ఏళ్లు అరుగు బండ మీద నూరిన అలుగు అది, నెలవంకలాగా సన్నబడిపోయింది. చీల ఇక కొట్టడానికి కూడా లేదు. దాన్ని బ్యాగులో వేసుకొని తిరిగితే ఏదో ఒకరోజు పుటుక్కుమంటుంది. అందుకే ఇంట్లో పెట్టుకున్నాను. విజయదశమికి ఆయుధ పూజలో పసుపు కుంకుమ పెట్టి, ఒక చుక్క నూనె వేసి, మళ్లీ గుడ్డలో చుడతాను.

అప్పటినుంచి నాకొక చాకు కావాలనే ఆలోచన పట్టుకుంది. చీరకు జేబు ఉండదు. చేతి సంచిలో, పర్సు పక్కన, తాళాల గుత్తితో పాటు ఉండాలి. ఆడమనిషి సంచిలో చాకు అనగానే, "భయానికా అమ్మా?" అని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. భయానికి కొనే కత్తి వేరే మాదిరిగా ఉంటుంది, దాన్ని ఎవరికీ ఇవ్వలేం. నాకు కావలసింది పది మంది అడిగేది, పది మందికి ఇచ్చేది.

మొదట కొన్నది బజారులో దొరికే పదకొండు పనిముట్ల లావుపాటిది. పేరు చెప్పుకునేంత సరుకు కాదు. రెండు నెలలకే చీలలు వదులై, చాకు తీయబోతే రంపం కూడా దానితో పాటు బయటికి వచ్చేది. అలుగు ఎంత నూరినా రెండు నిమ్మకాయలకే మొద్దుబారేది. ఒకే చోట పదకొండు కుక్కితే ఒక్కటీ సరిగా ఉండదని అర్థమైంది.

తరువాత మా మేనల్లుడు విదేశం నుంచి ఒకటి తెచ్చాడు. బాగా ఖరీదైనది, నిజంగా మంచి ఉక్కు. అలుగు మూడున్నర అంగుళాలు. బొటనవేలితో తోస్తే టక్కుమని తెరుచుకుంటుంది, లోపలి రేకు పక్కకు జరిగి అలుగు అడుగున తన్ని పట్టుకుంటుంది. ఆ రేకును వేలితో పక్కకు నెడితేనే మడుచుకుంటుంది. లైనర్ లాక్ అంటారు. పట్టు గట్టిది, చేతి మీదికి మడుచుకుంటుందనే భయం లేదు. ప్యాంటు జేబుకు తగిలించుకునే క్లిప్పు కూడా ఉంది.

దాన్ని ఆఫీసుకు తీసుకుపోయిన మొదటి వారమే మా సెక్షన్‌లో ఒకరి పుట్టినరోజు. కేకు కోయడానికి చాకు అడిగారు. టక్కుమని తెరిచాను. గదిలో మాటలు ఆగిపోయాయి. అందరూ నా చేతి వంకే చూస్తున్నారు. కేకు కోసినావిడ దాన్ని మడవడం తెలియక తిప్పి తిప్పి చూసింది. లాకు ఎక్కడుందో చెప్పబోయేసరికి రేకు నొక్కింది, కానీ ఆమె వేలు అలుగు దారిలోనే ఉంది. నేను గబుక్కున పట్టుకోకపోతే ఏమయ్యేదో. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మడిచి ఇయ్యాల అని నాయన చెప్పింది ఇచ్చేవాళ్లకు మాత్రమే కాదు గదా. తీసుకున్నవాళ్లు కూడా మడిచి తిరిగి ఇవ్వగలగాలి. చూడగానే ఎట్లా మడవాలో తెలియని చాకు నా సంచిలో ఉండకూడదు.

దాన్ని అన్నకు ఇచ్చేశాను. తోటలో డ్రిప్ పైపులు కోయడానికి, ఒక చెయ్యి కొమ్మను పట్టుకొని ఉన్నప్పుడు ఇంకో చేత్తో తెరవడానికి అది బ్రహ్మాండంగా ఉందని అన్న అంటాడు. ఒంటరిగా పని చేసేవాడికి, ఆ చాకు ఎప్పుడూ తన చేతిలోనే ఉండేవాడికి అది సరైనదే. అందుకే ఏ చాకు మంచిది అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది, "నువ్వొక్కడివే వాడతావా, నలుగురికీ ఇస్తావా?" అని.

2016లో ఒపినెల్ గురించి చదివాను. ఫ్రాన్సులో సవాయ్ అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో రైతుల కోసం చేసిన చాకు. కొయ్య పిడి, ఒక అలుగు, ఒక చీల. బొమ్మ చూడగానే గుండె ఝల్లుమంది. మా ఊరి కమ్మరాయన చేసింది ఇదే గదా! ఎక్కడి సవాయ్, ఎక్కడి పాకాల? పల్లెలో రైతు జేబుకు ఏం కావాలో ఇద్దరికీ తెలుసు. సైజులకు అంకెలుంటాయి, ఎక్కువ మంది కొనేది 8, దాని అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. నేను 6 తీసుకున్నాను, ఏడు సెంటీమీటర్లు ఉంటుంది. అదే చాకు స్టెయిన్‌లెస్‌లో కూడా వస్తుంది, నేను కావాలనే నల్లబడే కార్బన్ స్టీల్ తీసుకున్నాను.

ఆ అలుగు ఎంత పలచనో చెప్పాలి. చాకు కొనేవాళ్లు ఉక్కు పేరు అడుగుతారు, పొడవు అడుగుతారు, అలుగు మందం అడగరు. జామకాయను లావు అలుగుతో కోస్తే కాయ చీలుతుంది, పలచటి అలుగుతో కోస్తే తెగుతుంది. ఆ ఎండాకాలం పచ్చి బేనిషా కోశాను. సాయంత్రానికి అలుగు మీద బూడిద రంగు జీరలు వచ్చాయి, వారానికి నల్లబడింది. వంటింట్లో నిలబడి ఆ నలుపును చాలాసేపు చూశాను. అమ్మను పిలిచి చూపించాను. ఏమీ అనలేదు, చేతిలోకి తీసుకొని వేలితో తడిమింది.

ఇబ్బంది నవంబరులో మొదలైంది. మాకు వానలు ఈశాన్య ఋతుపవనాలవే ఎక్కువ, నవంబరులో తిరుపతి నాలుగైదు రోజులు ఏకధాటిగా తడుస్తుంది. ఆ చెమ్మకు కొయ్య పిడి ఉబ్బి అలుగును బిగబట్టేసింది. గోరు విరిగేలా లాగినా రాదు. పిడి వెనక భాగాన్ని బల్లకేసి తడితే మొన బయటికి వస్తుంది, అది అక్కడివాళ్లు కూడా చేసే ఉపాయమే. కానీ అమ్మకు అప్పటికే ఎనభై దగ్గర పడుతున్నాయి, ఆమె చేత కాలేదు. దానికి 1955 నుంచి తిప్పే ఉక్కు ఉంగరం ఒకటి లాకుగా వస్తోంది. నాకు ఇష్టమైనదే, అడిగి తీసుకున్నవాళ్లు మాత్రం దాన్ని తిప్పడం మరిచిపోయి బలవంతంగా మడవాలని చూసేవాళ్లు. అయినా దాన్ని వదలలేదు. రెండేళ్లు నా సంచిలోనే ఉంది.

2018లో అది పోయింది. తప్పు పూర్తిగా నాదే. పెళ్లికి విమానంలో పోవాల్సి వచ్చింది, చేతి సంచిలో చాకు ఉన్న సంగతే గుర్తులేదు. తనిఖీ చేసే అమ్మాయి మర్యాదగా అడిగింది, బయట ఎవరైనా ఉన్నారా అమ్మా, ఇచ్చి వస్తారా అని. ఎవరూ లేరు. అప్పటికే విమానం పిలుస్తున్నారు. అది మడిచే ఉంది. అట్లాగే ఆ అమ్మాయి చేతిలో పెట్టి వచ్చేశాను. నాయన చాకును ఇంట్లో ఉంచి ఎంత మంచి పని చేశానో అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఊరు దాటితే ముందు సంచి బోర్లించి చూస్తాను. కొండకు పోయే రోజు కూడా చాకు ఇంట్లోనే. అలిపిరి దగ్గర సంచులన్నీ స్కానర్ దాటాలి, నడక దారిన పోయినా తనిఖీ తప్పదు. మిగతా రోజుల్లో దాచుకోవాల్సిన పనేమీ లేదు. ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు కావాలని చెప్పేది 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులకు. ఇంటి పనికి, సేద్యానికి చేసినవి ఆ లెక్కలోకి రావు. రెండున్నర అంగుళాల పండు కోసే చాకు ఎక్కడ, అది ఎక్కడ? అయినా గుడికి, విమానానికి, పరీక్ష హాలుకు, కోర్టుకు పోయేటప్పుడు తీసేయడమే మర్యాద.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది విక్టోరినాక్స్. స్విట్జర్లాండ్‌లో ఇబాఖ్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన పనిశాల, 1891లో అక్కడి సైన్యానికి చాకులు ఇచ్చింది. వాళ్ల అమ్మ పేరు విక్టోరియా, ఆమె పోయాక ఆ పేరే గుర్తుగా పెట్టుకున్నాడట. తరువాత స్టెయిన్‌లెస్ ఉక్కు వచ్చినప్పుడు దాని పేరైన ఇనాక్స్‌ను కలిపి విక్టోరినాక్స్ అన్నారు. అమ్మ పేరు పెట్టుకున్న చాకు అని తెలిసినప్పటి నుంచి నాకు దాని మీద ఇంకొంచెం ఇష్టం ఎక్కువైంది.

వాటిలో ముందు 58 మిల్లీమీటర్ల బుల్లిది తీసుకున్నాను. తాళాల గుత్తికి తగిలించుకునేది. దాని కత్తెర బంగారం, మందుల షీటు కోయడానికి, పైట పిన్ను దగ్గర లేచిన దారం తీయడానికి దాన్ని మించింది లేదు. కానీ దాని అలుగు మరీ పొట్టి, నిమ్మకాయ కోయడానికి కూడా చాలదు. ఒక నెల చూసి మా కోడలికి ఇచ్చాను. తరువాత 84 మిల్లీమీటర్లది, బాంటమ్ అంటారు, తీసుకున్నాను. 91 మిల్లీమీటర్లవి ఇంకా పేరున్నవి, వాటిలో కొన్నింటికి వెనక మెలికల ఇనుప ముల్లు కూడా ఉంటుంది. గోనెసంచి ముడులు విప్పడానికి అది ఎంత బాగుంటుందో వాడినవాళ్లకే తెలుసు. కానీ నా సంచికి ఆ లావు ఎక్కువ. బాంటమ్ పలచగా కళ్లజోడు పెట్టె పక్కన ఇమిడిపోతుంది. ఒక అలుగు, ఒక మూత తీసే పనిముట్టు, పళ్లపుల్ల, చిన్న పట్టకారు. ముల్లు తీయడానికి పట్టకారు ఉండడం చూసి నాయన గుర్తొచ్చాడు. ఆయన చాకు మొనతోనే తీసేవాడు, నొప్పి తెలియకుండా.

లాకు లేదు. వెనక ఒక స్ప్రింగు ఉంటుంది. తెరిచినప్పుడు చిన్నగా క్లిక్ మంటుంది, మడిచేటప్పుడు కొంచెం ఎదురు నొక్కి తరువాత తనే లోపలికి పోతుంది. ఎవరికి ఇచ్చినా ఎట్లా మడవాలని అడగలేదు. ఇంతవరకు ఒక్కరు కూడా అడగలేదు. మొనతో గుచ్చడానికి, తిప్పి పెకలించడానికి అది పనికిరాదు, అట్లా చేస్తే వేళ్ల మీద మడుచుకుంటుంది. ఆ పనులు చాకుతో చేయకూడదని నాయన ముందే నేర్పాడు కాబట్టి నాకు లోటు తెలియలేదు. అలుగు నల్లబడదు, అదొక్కటే వెలితి. చెమ్మకు బిగుసుకోదు, తుప్పు గొడవ లేదు, పనసకాయ కోసే ముందు కొంచెం నూనె రాసుకుంటే జిగురు కూడా తుడిస్తే పోతుంది.

ఉక్కు మెత్తనిది అని కొందరు తీసిపారేస్తారు. మెత్తన కాబట్టే ఇంట్లో ఐదు నిమిషాల్లో పదునెక్కుతుంది. సానరాయిని తడిపి, చాకు వెన్ను కింద రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత ఎత్తు వస్తుందో అంత ఎత్తున ఉంచి, బిళ్లలు తీసేసి, ఆ వాలు మారకుండా నూరాలి. ఒక పక్క పది సార్లు, ఇంకో పక్క పది సార్లు, మళ్లీ ఐదు, మళ్లీ మూడు. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున నునుపు లేని గరుకు అంచు మీద నాలుగుసార్లు లాగినా చాలు. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ నేను అట్లాగే చేసేదాన్ని. పదును చూడడం మాత్రం నాయన పద్ధతే. వాదరను బొటనవేలి గోరు మీద వాలుగా, బరువు వేయకుండా ఆనిస్తాను. జారితే ఇంకా నూరాలి, ఆగితే చాలు.

ఆ చాకు కొన్న తరువాత గంగమ్మ జాతర వచ్చింది. వేషాలు చూడడానికి మా వీధి చివర నిలబడి ఉన్నాం. ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకొని పుచ్చకాయ ముక్క కొనింది, బిడ్డకు నోట్లో పట్టడం లేదు. చాకు తీసి మడిచే ఇచ్చాను. ఆమె తెరిచి, గింజలు తీసేసి, వేలంత ముక్కలు కోసి పెట్టింది. పక్కనున్న పెద్దాయన వక్క పొట్లం కట్టిన దారానికి అడిగాడు. తరువాత కొబ్బరి పీచు ఇరుక్కుందని ఒకరు. చాకు నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు చేతులు మారింది, మడిచే వచ్చింది. జాతర చప్పుడులో నిలబడి దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాను, అందరి చేతుల వేడి దానికి ఉంది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. సాయంత్రం నాలుగైతే మల్లెపూలు ముందు వేసుకొని కట్టడం మొదలుపెడుతుంది. ఇదివరకు దారం పళ్లతో కొరికేది, ఇప్పుడు ఆ పళ్లు లేవు. "ఏమ్మే, ఆ చాకు ఇట్లియ్యి" అంటుంది. ఆమె గోళ్లలో బలం లేదు, అలుగు మీది గాడిలో గోరు నిలవదు. అందుకని నేనే సగం తెరుస్తాను. అమ్మకు ఎదురుగా చాప మీద పెడతాను, చేతికి ఇవ్వను. మిగతా సగం ఆమె తెరుచుకుంటుంది. మూర మూరకీ దారం కోస్తుంది. పూలన్నీ అయ్యాక చాకును చీర కొంగుతో తుడుస్తుంది. రెండు వేళ్లు పిడికి అటొకటి ఇటొకటి పెట్టి, వెన్నును మోకాలికి ఆనించి, మెల్లగా నొక్కుతుంది. అది లోపలికి పోయిన చప్పుడు వినపడ్డాకనే నా వైపు చెయ్యి చాపుతుంది.

నిన్న అట్లా ఇస్తూ, "మీ నాయనదానికంటే తేలిగ్గా ఉండాది" అంది.